వర్ణక్రమ సంస్కర్త నోవా వెబ్‌స్టర్

మాట ముందు, రాత తరువాత. నోటితో పలికే ధ్వనికి కంటికి కనిపించే రూపాన్ని కల్పించడమే లిపి చేసే పని. ఆ పనిని తెలుగు లిపి దాదాపు సమగ్రంగా నిర్వహిస్తుంది. ఓనమాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చిన బాలుడు అర్థం తెలియకపోయినా ఏ వాక్యాన్నైనా పైకి చదవగలడు. విన్న మాటను పెద్దగా తడబడకుండా రాయగలడు. ఆంగ్లభాషలో ఈ సౌలభ్యం లేదు. అక్కడ పలుకుబడి ఒక దారిన పోతే రాత మరొక దారిన పోతుంది. అందుకే ఆంగ్లం నేర్చే ప్రతి విద్యార్థీ మాటతో పాటు దాని వర్ణక్రమాన్ని, అంటే ‘స్పెల్లింగు’ను, వేరుగా కంఠస్థం చేయవలసి వస్తుంది. ఈ కష్టాన్ని తొలగించాలని యౌవనంలోనే పూనుకొని, అరవై సంవత్సరాలు అదే దీక్షతో శ్రమించి, కొంత సాధించి, మరికొంత సాధించలేక, అయినా అమెరికా దేశానికి అక్షరగురువుగా నిలిచిన మహనీయుడు నోవా వెబ్‌స్టర్.

వెబ్‌స్టర్ కృషి విలువ తెలియాలంటే ఆంగ్ల వర్ణక్రమంలోని చిక్కులు ఎట్లా ఏర్పడ్డాయో ముందుగా గ్రహించాలి. ఆంగ్లంలో సుమారు నలభై నాలుగు ధ్వనులు ఉన్నాయి. వాటిని చూపడానికి ఉన్న అక్షరాలు ఇరవై ఆరు మాత్రమే. ఈ కొరత చాలదన్నట్లు చరిత్ర కూడా ఆ భాషను అనేక విధాల మలచింది. 1066లో ఫ్రాన్సు నుండి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించారు. వారి లేఖకులు ఆంగ్ల పదాలను తమ పద్ధతిలో రాయసాగారు. 1476లో విలియం కాక్‌స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రాన్ని నెలకొల్పాడు. అచ్చు వచ్చిన తరువాత మాటల రూపాలు క్రమంగా స్థిరపడసాగాయి. సరిగ్గా ఆ కాలంలోనే, అనగా పదిహేను నుండి పదిహేడవ శతాబ్ది వరకు, ఆంగ్లంలోని దీర్ఘాచ్చుల ఉచ్చారణ సమూలంగా మారిపోయింది. ఒకప్పుడు ‘నామ’ వలె పలికిన మాట ‘నేమ్’ అయింది. పలుకు మారింది కాని రాత మారలేదు. వీరుడు అనే అర్థంగల ‘నైట్’ పదం మొదట ఉన్న ‘కె’ అక్షరాన్ని, నడుమనున్న ‘జి’, ‘హెచ్’ అక్షరాలను పూర్వం స్పష్టంగా పలికేవారు. ఆ ధ్వనులు నశించినా అక్షరాలు శిలాశాసనం మీది చెక్కడాల వలె నిలిచిపోయాయి.

పండితులు కూడా ఈ గందరగోళానికి తమవంతు తోడ్పడ్డారు. అప్పు అనే అర్థంగల ‘డెట్’ పదంలో ‘బి’ అక్షరం ఆంగ్లేయుల నోట ఎన్నడూ పలకలేదు. ఆ మాటకు మూలం లాటిన్ పదమని చూపడానికి విద్వాంసులు దానిని చొప్పించారు. ఇక ‘ఓ, యు, జి, హెచ్’ అనే నాలుగు అక్షరాల కూర్పు సంగతి చెప్పనలవి కాదు. అదే కూర్పు ‘దో’ అనే మాటలో ఓకారంగాను, ‘త్రూ’ అనే మాటలో ఊకారంగాను, ‘బౌ’ అనే మాటలో ఔకారంగాను పలుకుతుంది. ‘కాఫ్’, ‘రఫ్’ అనే మాటలలో ఫకార ధ్వనిని ఇస్తుంది. అక్షరాలు అవే. ఉచ్చారణ మాత్రం మాట మాటకు వేరు.

ఇట్టి భాషను మాతృభాషగా పొందిన ఒక రైతు కుటుంబంలో 1758 అక్టోబరు 16న నోవా వెబ్‌స్టర్ జన్మించాడు. జన్మస్థలం కనెక్టికట్ ప్రాంతంలోని వెస్ట్ హార్ట్‌ఫర్డ్. అప్పటికి అమెరికా ఇంకా బ్రిటిషువారి వలసరాజ్యమే. తండ్రి వ్యవసాయంతో పాటు నేతపని కూడా చేసేవాడు. తల్లి మెర్సీ, ప్లిమత్ వలసకు గవర్నరుగా ఉన్న విలియం బ్రాడ్‌ఫర్డ్ వంశంలోనిది. పొలం పనుల కంటె పుస్తకాల మీదనే కుమారునికి మక్కువ ఎక్కువని తండ్రి గుర్తించాడు. అతనిని చదివించడానికి తన పొలాన్ని తాకట్టు పెట్టాడు. 1774లో వెబ్‌స్టర్ న్యూహేవెన్ నగరంలోని యేల్ కళాశాలలో చేరాడు.

మరుసటి సంవత్సరమే అమెరికా స్వాతంత్ర్య సంగ్రామం ఆరంభమయింది. చదువు పలుమార్లు కుంటుపడింది. 1777లో బ్రిటిషు సేనాని బర్గాయిన్ సేనలను ఎదుర్కొనడానికి వెబ్‌స్టర్ కూడా తండ్రితో కలసి స్థానిక దళంలో బయలుదేరాడు. వారు గమ్యం చేరకముందే బర్గాయిన్ లొంగిపోయినట్లు వార్త వచ్చింది. తుపాకీతో దేశసేవ చేసే అవకాశం ఆయనకు ఆ విధంగా తప్పిపోయింది. తరువాతి కాలంలో ఆయన కలంతో ఆ లోటును పూరించుకున్నాడు.

1778లో పట్టభద్రుడై ఇంటికి చేరిన కుమారుని చేతిలో తండ్రి ఎనిమిది డాలర్ల కాగితపు నోటు ఉంచి, ఇకపై నీ బతుకు నీవే చూసుకోవలెనని చెప్పి పంపివేశాడు. యుద్ధకాలంలో ఆ నోటు విలువ సగానికి పడిపోయింది. వెబ్‌స్టర్ న్యాయశాస్త్రం చదువదలచాడు. చేతిలో ధనం లేదు. అందువల్ల బడిపంతులుగా చేరి, తీరిక వేళల్లో న్యాయశాస్త్రం చదివి 1781లో న్యాయవాదిగా అర్హత పొందాడు. యుద్ధం వల్ల చితికిన ఆ రోజుల్లో న్యాయవాదవృత్తి కూడా ఆయనకు కూడు పెట్టలేదు. తిరిగి బడినే ఆశ్రయించాడు. బతుకుతెరువు కోసం పట్టిన ఆ వృత్తియే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

నాటి అమెరికా పాఠశాలల స్థితి దయనీయంగా ఉండేది. చిన్న గదిలో పలువయసుల పిల్లలు కిక్కిరిసి కూర్చునేవారు. చేతికి దొరికే పుస్తకాలు బహుకొద్ది. అవి కూడా ఇంగ్లండులో తయారైనవి. థామస్ డిల్వర్త్ అనే ఆంగ్లేయుడు రాసిన వాచకమే ఎక్కువ బడులలో పాఠ్యగ్రంథం. అందులో అమెరికా బాలుడు ఎన్నడూ చూడని ఇంగ్లండు గ్రామాల పేర్లు ఉండేవి. తన ఊరి పేరు, తన నది పేరు మచ్చుకైనా కనిపించేవి కావు. మాటలను విడదీసి చూపే పద్ధతి కూడా ఉచ్చారణకు విరుద్ధంగా ఉండేది. గుత్తి అనే అర్థంగల ‘క్లస్టర్’ పదాన్ని డిల్వర్త్ ‘క్ల-స్టర్’ అని విడదీస్తే, నోరు సహజంగా పలికేది ‘క్లస్-టర్’ అని వెబ్‌స్టర్ గమనించాడు. ‘నేషన్’ వంటి మాటల చివర ఉండే ‘షన్’ ధ్వనిని రెండు ముక్కలుగా విడదీసి నేర్పడం కూడా ఆయనకు అర్థరహితంగా తోచింది.

దేశం రాజకీయంగా స్వతంత్రమయింది. మరి పిల్లల చదువు ఇంకా పరాయి పుస్తకానికి బానిసగా ఉండడం తగునా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. న్యూయార్క్ ప్రాంతంలోని గోషెన్ గ్రామంలో పాఠశాల నడుపుతూ 1782లో ఆయన స్వయంగా ఒక వాచకం రచించాడు. అది మరుసటి సంవత్సరం, అంటే 1783లో, హార్ట్‌ఫర్డ్‌లో అచ్చయింది. మొదటి ముద్రణలో ఐదు వేల ప్రతులు వెలువడ్డాయి. తరువాత వ్యాకరణాన్ని, పఠన గ్రంథాన్ని కూడా రచించి మూడు భాగాలుగా పూర్తి చేశాడు. మొదటి భాగమైన వర్ణక్రమ వాచకమే విశేషంగా వ్యాప్తి చెందింది. దాని అట్ట నీలిరంగులో ఉన్నందున ప్రజలు దానిని ‘నీలి అట్టల పుస్తకం’ అని పిలుచుకున్నారు.

ఆ చిన్న పుస్తకంలో వెబ్‌స్టర్ చూపిన ఉపాయాలు గమనింపదగినవి. ఒకే అచ్చు వేర్వేరు మాటలలో వేర్వేరుగా పలుకుతుంది కనుక ఆయన అచ్చులపై చిన్న అంకెలు వేసి, ఏ అంకెకు ఏ ధ్వని అన్నది ఒక పట్టికలో చూపాడు. పలకని అక్షరాలను వాలు అక్షరాలతో ముద్రింపజేశాడు. సులభమైన మాటలతో ఆరంభించి క్రమంగా కఠినమైన మాటలకు నడిపించాడు. అమెరికా పట్టణాల పేర్లను, నదుల పేర్లను చేర్చాడు. విశేషమేమంటే, తరువాతి కాలంలో వర్ణక్రమ సంస్కర్తగా పేరు పొందిన ఆయన ఈ తొలి పుస్తకంలో నాటికి వాడుకలో ఉన్న ఆంగ్లేయుల వర్ణక్రమాన్నే చాలావరకు పాటించాడు.

పుస్తకాన్ని రాయడం ఒక ఎత్తు, దానిని కాపాడుకొనడం మరొక ఎత్తు. నాడు అమెరికాలో గ్రంథస్వామ్య చట్టం లేదు. ఎవరి పుస్తకాన్నయినా ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు. వెబ్‌స్టర్ ఒక్కొక్క రాష్ట్రానికి వెళ్లి శాసనకర్తలను కలిసి, రచయిత శ్రమఫలం రచయితకే దక్కాలని వాదించాడు. ఆ పర్యటనలలోనే 1785లో జార్జి వాషింగ్టన్‌ను ఆయన నివాసమైన మౌంట్ వెర్నన్‌లో దర్శించాడు. 1790లో దేశమంతటికీ వర్తించే గ్రంథస్వామ్య చట్టం ఏర్పడింది. రచయిత హక్కును పద్నాలుగేళ్ల నుండి ఇరవై ఎనిమిదేళ్లకు పెంచిన 1831 నాటి చట్టం వెనుక కూడా ఆయన కృషి ఉంది.

ఈ పర్యటనల వల్ల మరొక ప్రయోజనం కలిగింది. ఊరూరా తిరుగుతూ ఆయన ప్రజల పలుకుబడిని శ్రద్ధగా విన్నాడు. న్యూ ఇంగ్లండు ప్రాంతపువారు మాటను సాగదీసి పలుకుతారు. ఆవు అనే అర్థంగల ‘కౌ’ను వారు ‘క్యౌ’ అన్నట్లు ఉచ్చరిస్తారు. దక్షిణాన వర్జీనియాలో పలువురు మాట చివరనున్న రేఫను దాదాపు విడిచిపెడతారు. ఒకే దేశంలో ఇన్ని తీరుల ఉచ్చారణ ఉంటే ఒక ప్రాంతంవారు మరొక ప్రాంతంవారిని పరిహసించడం సహజం. పరిహాసం ద్వేషంగా మారడానికి ఎంతో కాలం పట్టదు. లండను రంగస్థలం మీది నటుల పలుకును అనుకరించడం నాగరికతగా భావించేవారిని కూడా ఆయన చూశాడు. ఇంగ్లండులోనే ఆ పలుకు తరానికొక తీరుగా మారుతున్నప్పుడు దానిని ప్రమాణంగా గ్రహించడం నీడను పట్టుకొనబోవడం వంటిదని ఆయన అభిప్రాయం. ఏ ఒక్క నగరానిదీ, ఏ ఒక్క వర్గానిదీ కాక, ప్రజలందరి సామాన్య వ్యవహారమే భాషకు ప్రమాణం కావాలని ఆయన నిర్ణయించుకున్నాడు. పలుకు ఒకటైతే ప్రజలు ఒకటవుతారనీ, పలుకును నిలిపి ఉంచగలిగేది సక్రమమైన వర్ణక్రమమేననీ విశ్వసించాడు.

1786లో ఫిలడెల్ఫియా నగరంలో భాషపై ఉపన్యసించడానికి వెళ్లినప్పుడు ఆయనకు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో సాన్నిహిత్యం ఏర్పడింది. అప్పటికి ఫ్రాంక్లిన్‌కు ఎనభై సంవత్సరాలు. ఆ మహామేధావి 1768లోనే ధ్వనికి తగిన కొత్త వర్ణమాలను రూపొందించి ఉన్నాడు. అనవసరమని తోచిన ఆరు అక్షరాలను తొలగించి, ఆరు కొత్త అక్షరాలను కల్పించాడు. వాటికి అచ్చు దిమ్మెలు కూడా సిద్ధం చేయించాడు. తాను వృద్ధుడయినందున ఆ పనిని కొనసాగించవలసిందని వెబ్‌స్టర్‌ను కోరాడు. కొత్త అక్షరాలను ప్రజలు అంగీకరించరని తలచి వెబ్‌స్టర్ వాటిని స్వీకరించలేదు. కాని ఫ్రాంక్లిన్ ఉత్సాహం ఆయనలో సంస్కరణాభిలాషను ప్రజ్వలింపజేసింది.

1789లో వెబ్‌స్టర్ ఆంగ్లభాషపై తన వ్యాసాలను గ్రంథంగా ప్రకటించి ఫ్రాంక్లిన్‌కు అంకితం చేశాడు. ఆ గ్రంథం చివర వర్ణక్రమ సంస్కరణ ప్రణాళికను పొందుపరచాడు. ఉన్న అక్షరాలతోనే ఆ సంస్కరణ సాగాలి. పలకని అక్షరాలను తొలగించాలి. మిత్రుడు అనే అర్థంగల ‘ఫ్రెండ్’ పదంలో ‘ఐ’ అక్కరలేదు. ‘గివ్’ చివర ‘ఇ’ అక్కరలేదు. ‘స్పీక్’, ‘మీన్’ వంటి మాటలలో ‘ఇ, ఎ’ కూర్పుకు బదులు రెండు ‘ఇ’లు ఉండాలి. కకార ధ్వని పలికేచోట ‘సి, హెచ్’ కూర్పు బదులు ‘కె’ ఉండాలి. ‘మెషీన్’ వంటి మాటలలో షకార ధ్వనికి ‘ఎస్, హెచ్’ కూర్పు రాయాలి. ఇట్లా చేస్తే పిల్లలకు, విదేశీయులకు చదువు సులభమవుతుందనీ, అందరి ఉచ్చారణ ఒకటవుతుందనీ, పుస్తకాలలో అక్షరాల సంఖ్య పదహారో వంతో పద్దెనిమిదో వంతో తగ్గుతుందనీ ఆయన వాదించాడు. అంతేకాక, అమెరికా రాతకు ప్రత్యేకత ఏర్పడితే దేశానికి కావలసిన పుస్తకాలు దేశంలోనే అచ్చవుతాయని కూడా ఆశించాడు.

ఆ గ్రంథం అమ్ముడుపోక నష్టం తెచ్చింది. అయినా ఆయన వెనుదీయలేదు. 1790లో వెలువరించిన మరొక వ్యాససంపుటిలో కొన్ని వ్యాసాలను తన కొత్త వర్ణక్రమంలోనే అచ్చువేయించాడు. పాఠకులు వాటిని చూసి నవ్వారు. విద్యావంతులు సైతం అది చదువురానివాని రాతవలె ఉన్నదని ఎగతాళి చేశారు. ఆ పరిహాసంలోనే ఒక సత్యం దాగి ఉంది. వర్ణక్రమం కేవలం ధ్వనికి గుర్తు కాదు. అది చదువుకున్నవానికి ఆభరణం. కష్టపడి నేర్చిన విద్యను అనవసరమని చెబితే నేర్చినవారు సహించరు. అన్ని పాత పుస్తకాలనూ ఒక్కసారిగా పరాయివిగా చేసే మార్పును ఏ సమాజమూ సుముఖంగా స్వీకరించదు. ఈ పాఠాన్ని వెబ్‌స్టర్ ఆలస్యంగానైనా గ్రహించాడు. నదిని ఒక్కనాటితో మళ్లించడం సాధ్యం కాదు. చిన్న కాలువ తీస్తే కొంత నీరైనా అటు ప్రవహిస్తుంది.

1789లోనే ఆయన రెబెకా గ్రీన్‌లీఫ్‌ను వివాహం చేసుకున్నాడు. వారికి ఎనిమిదిమంది సంతానం కలిగారు. కుటుంబపోషణ కోసం న్యాయవాదిగా పనిచేశాడు. 1793లో న్యూయార్క్‌లో దినపత్రికను స్థాపించి నడిపాడు. 1799లో అంటువ్యాధుల చరిత్రను రెండు సంపుటాలుగా ప్రకటించాడు. ఎన్ని పనులు చేసినా మనస్సు మాత్రం భాషనే ఆశ్రయించి ఉండేది. 1798లో న్యూహేవెన్‌కు నివాసం మార్చి, నిఘంటు రచనకు సన్నద్ధుడయ్యాడు.

1806లో వెలువడిన తొలి చిన్న నిఘంటువులో సుమారు ముప్పై ఏడు వేల పదాలు ఉన్నాయి. మితమైన వర్ణక్రమ సంస్కరణలను ఆయన అందులో ప్రవేశపెట్టాడు. రంగు అనే అర్థంగల ‘కలర్’, గౌరవం అనే అర్థంగల ‘ఆనర్’ పదాల నుండి ‘యు’ తొలగిపోయింది. ‘మ్యూజిక్’, ‘పబ్లిక్’ పదాల చివర శామ్యూల్ జాన్సన్ నిలిపి ఉంచిన ‘కె’ తొలగిపోయింది. ‘సెంటర్’, ‘థియేటర్’ పదాల చివర ‘ఆర్, ఇ’ బదులు ‘ఇ, ఆర్’ వచ్చింది. ‘డిఫెన్స్’ పదంలో ‘సి’కి బదులు ‘ఎస్’ చేరింది. వీటిలో పెక్కు రూపాలు ఆయన సృష్టించినవి కావు. అప్పటికే ఇంగ్లండులో సైతం అక్కడక్కడ వాడుకలో ఉన్న రెండు రూపాలలో సులభమైనదానిని, శాస్త్రీయమైనదానిని ఆయన ఎన్నుకున్నాడు. అందుచేతనే అవి నిలిచాయి. నాలుక అనే అర్థంగల ‘టంగ్’, స్త్రీలు అనే అర్థంగల ‘విమెన్’ వంటి పదాలకు ఆయన సూచించిన కొత్త రూపాలు ధ్వనికి ఎంత దగ్గరగా ఉన్నా ప్రజలు ఆదరించలేదు.

1807లో ఆయన మహానిఘంటు రచనను ఆరంభించాడు. దానికి పట్టిన కాలం ఇరవై సంవత్సరాలకు పైమాటే. శామ్యూల్ జాన్సన్‌కు నిఘంటు రచనలో లేఖకులు తోడ్పడ్డారు. వెబ్‌స్టర్ మాత్రం సమస్తం స్వహస్తంతోనే రాశాడు. పదాల మూలాలను వెదకడానికి ఇరవైకి పైగా భాషలను పరిశీలించాడు. ఈ కాలమంతా ఆ పెద్ద కుటుంబానికి ప్రధానాధారం నీలి అట్టల వాచకం వల్ల వచ్చే ఆదాయమే. ప్రతి పుస్తకానికి ఆయనకు దక్కేది ఒక సెంటు కంటె తక్కువ. బిడ్డలు నేర్చే ఓనమాలు ఆ విధంగా మహానిఘంటువుకు పెట్టుబడి అయినాయి. అదీ చాలకపోవడంతో ఖర్చు తగ్గించుకొనడానికి 1812లో ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊరికి తరలివెళ్లాడు. అక్కడ కూడా ఊరక ఉండక, 1821లో ఆ ఊరిలో కళాశాల స్థాపనకు తోడ్పడ్డాడు.

అమెరికాలో దొరకని గ్రంథాలను పరిశీలించడానికి 1824లో, అరవై ఐదేళ్ల వయసులో, కుమారుడు విలియమ్‌ను వెంటబెట్టుకొని ఓడ ఎక్కాడు. పారిస్ గ్రంథాలయంలో కొన్ని మాసాలు పనిచేసి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ చేరాడు. 1825 జనవరిలో చివరి పదానికి అర్థం రాసి ముగించాడు. ఆ క్షణాన ఆయన దేహం వణికిపోయింది. కలం పట్టిన చేయి నిలువలేదు. గదిలో అటూ ఇటూ కొంతసేపు నడచి మనస్సును కుదుటపరచుకున్నాడు. జీవితకాలపు భారం ఒక్కసారిగా దిగిపోయినప్పుడు కలిగే వణుకు అది. ఏ దేశపు భాషాధిపత్యం నుండి తన దేశాన్ని తప్పించాలని ఆయన శ్రమించాడో ఆ దేశంలోనే ఆ గ్రంథం పూర్తికావడం విచిత్రమైన సంఘటన.

ఇంగ్లండులో ప్రకాశకులు ఎవరూ ముందుకు రాలేదు. స్వదేశానికి తిరిగివచ్చి ఎంతో ప్రయాస పడిన తరువాత 1828లో ‘అమెరికన్ డిక్షనరీ’ రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది. అప్పటికి ఆయనకు డెబ్బై సంవత్సరాలు. అందులో సుమారు డెబ్బై వేల పదాలు ఉన్నాయి. జాన్సన్ 1755లో ప్రకటించిన ప్రసిద్ధ నిఘంటువులోని పదాలు సుమారు నలభై రెండు వేలు. అమెరికా నేలపై పుట్టిన మాటలకు, ఆదిమవాసుల భాషల నుండి చేరిన ‘స్కంక్’, ‘హికరీ’, ‘స్క్వాష్’ వంటి మాటలకు ఆయన గౌరవస్థానం కల్పించాడు. అర్థవివరణలో ఆయన చూపిన సూక్ష్మతను ఇంగ్లండు విద్వాంసులు కూడా మెచ్చుకున్నారు.

అయితే ఆ మహాగ్రంథంలో ఒక లోపం కూడా ఉంది. ప్రపంచభాషలన్నీ ఒకే ప్రాచీన భాష నుండి పుట్టినవని ఆయన దృఢంగా నమ్మాడు. కలకత్తాలో విలియం జోన్స్ 1786లోనే సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు గల బాంధవ్యాన్ని ప్రకటించాడు. మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో తెలుగు మొదలైన దక్షిణదేశ భాషలు వేరొక కుటుంబానికి చెందినవని నిరూపించాడు. జర్మనీలో తులనాత్మక భాషాశాస్త్రం వికసిస్తున్నది. ఆ కొత్త వెలుగును వెబ్‌స్టర్ గ్రహించలేదు. అందువల్ల ఆయన చూపిన పదమూలాలలో చాలా భాగం నిలువలేదు. 1864 ముద్రణలో జర్మన్ పండితుడు మాన్ వాటిని తిరిగి రాయవలసి వచ్చింది. ఒంటరిగా పనిచేసేవానికి ఏకాగ్రత ఎంత బలమో, ఇతరుల మాట వినకపోవడం అంత బలహీనత అని ఈ ఉదంతం తెలుపుతుంది.

నిఘంటువు కీర్తిని తెచ్చింది గాని ధనాన్ని తేలేదు. మొదటి ముద్రణ రెండు వేల ఐదువందల ప్రతులు. వెల ఇరవై డాలర్లు. సామాన్యునికి అది అందని వెల. 1829లో జోసెఫ్ వూస్టర్ దానిని సంగ్రహించినప్పుడు వర్ణక్రమంలో కొన్ని పాత రూపాలకు చోటిచ్చాడు. తన జీవితాశయానికే అది భంగకరమని వెబ్‌స్టర్ బాధపడ్డాడు. 1841లో రెండవ ముద్రణ వెలువరించడానికి వృద్ధాప్యంలో తన ఇంటిని తాకట్టు పెట్టాడు. ఒకనాడు తండ్రి కుమారుని చదువు కోసం పొలాన్ని తాకట్టు పెట్టాడు. ఆ కుమారుడు దేశం చదువు కోసం ఇంటిని తాకట్టు పెట్టాడు. 1843 మే 28న, ఎనభై నాలుగేళ్ల వయసులో, న్యూహేవెన్‌లో ఆయన కన్నుమూశాడు. ఆ తరువాత మెరియం సోదరులు నిఘంటువు హక్కులను కొని, వెల తగ్గించి ఇంటింటికీ చేర్చారు. ‘మెరియం-వెబ్‌స్టర్’ నిఘంటువులకు మూలం అదే.

నీలి అట్టల వాచకం మాత్రం అప్పటికే జనసామాన్యం హృదయాలలో నిలిచింది. దాని ప్రతులు ఆరు కోట్లకు పైగా అమ్ముడయినట్లు అంచనా. దాని మహిమకు నిజమైన సాక్ష్యం బానిసత్వంలో మగ్గిన నల్లజాతీయుల జీవితాలలో కనిపిస్తుంది. నాడు దక్షిణ రాష్ట్రాలలో పెక్కుచోట్ల బానిసలకు చదువు చెప్పడం చట్టరీత్యా నేరం. బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ వెబ్‌స్టర్ వాచకంలోని వాలు అక్షరాలను చూసి చూసి దిద్ది రాయడం నేర్చుకున్నాడు. తరువాత బానిసత్వ నిర్మూలనకు పోరాడిన మహావక్తగా, రచయితగా వెలుగొందాడు. బుకర్ టి. వాషింగ్టన్ బాల్యంలో మొట్టమొదట చేతికి దొరికిన పుస్తకం కూడా ఇదే. దానిలోని అక్షరాలను తనకుతానే నేర్చుకొనడానికి ప్రయత్నించిన ఆ బాలుడు పెరిగి వేలాదిమందికి విద్యాదానం చేసే సంస్థను నిర్మించాడు. వెల తక్కువ పుస్తకం, సులభమైన పాఠం ఎంతటి సంకెలలనైనా సడలించగలవనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

వెబ్‌స్టర్ తరువాత కూడా ఆంగ్ల వర్ణక్రమాన్ని సంస్కరించడానికి పెద్దలు ప్రయత్నించారు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూడువందల పదాలకు సరళమైన రూపాలను ప్రభుత్వ ముద్రణలో వాడవలసిందని ఆదేశించాడు. ఆ దేశపు చట్టసభ ప్రతిఘటించడంతో విరమించుకున్నాడు. 1950లో మరణించిన నాటకకర్త బెర్నార్డ్ షా కొత్త వర్ణమాల కోసం తన ఆస్తిలో కొంత కేటాయించాడు. ఆ వర్ణమాల తయారయింది గాని వ్యవహారంలోకి రాలేదు. అధ్యక్షుని అధికారం, రచయిత ధనం సాధించలేనిదానిని ఒక బడిపంతులు కొంతవరకైనా సాధించాడు. పెద్దలను ఒప్పించడానికి వ్యర్థంగా శ్రమించిన కాలం పోగా, మిగిలిన కాలమంతా ఆయన పిల్లలకు పాఠం చెప్పాడు. నాటి పిల్లలే రేపటి పెద్దలు కావడం వల్ల ఆయన రాత దేశపు రాత అయింది.

భారతదేశం బ్రిటిషు వర్ణక్రమాన్ని వారసత్వంగా పొందింది. తెలుగు విద్యార్థి పాఠశాలలో ‘కలర్’ను ‘యు’తో రాయడం నేర్చుకుంటాడు. అమెరికా పద్ధతికి అమర్చిన కంప్యూటరు ముందు అదే మాటను రాస్తే దాని కింద ఎర్రగీత పడుతుంది. సైన్యంలోని హోదాను ‘లెఫ్టినెంట్’ అని ఇక్కడ వింటాడు. అమెరికా వెళితే ‘లూటెనెంట్’ అని వింటాడు. ఇక్కడి ‘షెడ్యూల్’ అక్కడ ‘స్కెడ్యూల్’ అవుతుంది. వీటిలో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు కాదు. ఒకే చెట్టుకు పుట్టిన రెండు కొమ్మలు అవి. ఎక్కడ ఏది వాడుకలో ఉందో తెలుసుకొని, ఎన్నుకున్న పద్ధతిని ఒకే రచనలో ఆసాంతం పాటించడం వివేకం.

అమెరికాలో 1925 నుండి జాతీయస్థాయిలో వర్ణక్రమ పోటీలు జరుగుతున్నాయి. ఆ పోటీలకు ప్రమాణగ్రంథం వెబ్‌స్టర్ పేరు మీద వెలసిన నిఘంటువే. ప్రవాస భారతీయుల బిడ్డలు, వారిలో తెలుగు కుటుంబాలవారు కూడా, ఆ పోటీలలో విజేతలుగా నిలిచారు. పలికినట్లే రాసే భాషను ఇంట మాట్లాడుతూ, పలికినట్లు రాయని భాషలో ఆ దేశపు బాలలతో సమానంగా గెలుపొందడం ప్రశంసనీయం. అయితే ఆ విజయం కోసం వారు వేలాది పదాలను కంఠస్థం చేయవలసి వస్తున్నదంటే వెబ్‌స్టర్ తలపెట్టిన పని ఇంకా మిగిలి ఉన్నదనే అర్థం. ఆయన కలలో అధికభాగం నెరవేరలేదు. నెరవేరిన కొద్దిభాగాన్నే కోట్లాది ప్రజలు నిత్యం, రచయిత పేరైనా తలవకుండా, రాస్తూ ఉన్నారు. అక్షరసేవ చేసినవానికి అంతకు మించిన స్మారకం లేదు.